ట్రాన్సిస్టర్ నాయిస్ పారామీటర్లు: 1420 మెగాహెర్ట్జ్ దగ్గర నా కొలతలు ఎక్కడ తప్పుతున్నాయి?

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 9, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. పాలపుంతలోని హైడ్రోజన్ నుంచి వచ్చే 1420.4 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని పట్టుకోవాలని మా మేడ మీద గాల్వనైజ్డ్ రేకుతో ఒక హార్న్ యాంటెనా కట్టుకున్నాను. 1951లో హార్వర్డ్‌లో యూయెన్, పర్సెల్ ఈ సంకేతాన్ని మొదటిసారి పట్టుకున్నది కూడా కిటికీలో పెట్టిన ఒక హార్న్‌తోనే. ఇప్పుడు దాని వెనుక పెట్టవలసిన లో నాయిస్ యాంప్లిఫయర్ (సొంత నాయిస్‌ను అతి తక్కువగా కలుపుతూ బలహీన సంకేతాన్ని పెంచే సర్క్యూట్) దగ్గర ఆగిపోయాను.

నా దగ్గర ఉన్న పీహెమ్ట్ (తక్కువ నాయిస్ ఉండే ఒక రకం ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్, అంటే ఫెట్) డేటాషీట్‌లో 900, 2000 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మాత్రమే నాయిస్ పారామీటర్లు (సోర్స్ ఇంపెడెన్స్‌ను బట్టి నాయిస్ ఎలా మారుతుందో చెప్పే సంఖ్యలు) ఇచ్చారు. అవి కూడా నేను వాడదలచిన బయాస్ కరెంటుకు ఇచ్చినవి కావు. అందుకని నేనే కొలుద్దామని 6 డీబీ ఈఎన్ఆర్ (290 కెల్విన్ల కంటే ఎంత ఎక్కువ నాయిస్ ఇస్తుందో చెప్పే కొలత) ఉన్న నాయిస్ సోర్స్, చిన్న వీఎన్ఏ (ఇంపెడెన్స్, గెయిన్ కొలిచే పరికరం), ట్రాన్సిస్టర్‌కు కనిపించే ఇంపెడెన్స్‌ను మార్చడానికి సొంతంగా చేసుకున్న రెండు స్టబ్‌ల ట్యూనర్ పెట్టుకుని నాలుగు సోర్స్ ఇంపెడెన్స్‌ల దగ్గర నాయిస్ ఫిగర్ (ట్రాన్సిస్టర్ ఎంత నాయిస్ కలుపుతుందో డీబీలో చెప్పే సంఖ్య) కొలిచాను. నేరుగా 50 ఓమ్‌ల దగ్గర 0.83 డీబీ వచ్చింది. నాలుగు కొలతలనూ నాలుగు సమీకరణాలుగా రాసి సాధిస్తే వచ్చిన జవాబు ఇది: కనిష్ఠ నాయిస్ ఫిగర్ 0.12 డీబీ, ఆర్ఎన్ (కనిష్ఠం నుంచి తొలగితే నాయిస్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పేది) 1.1 ఓమ్, గామా-ఆప్ట్ (నాయిస్ కనిష్ఠమయ్యే సోర్స్ పరావర్తన గుణకం) 0.955, కోణం 140 డిగ్రీలు. ఇది నిజమని నమ్మి మ్యాచింగ్ సర్క్యూట్ గీయాలంటే చెయ్యి ఆడడం లేదు. పెద్దలు ఎవరైనా తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

పెన్నా_రేవు (నెల్లూరు), మే 9, రాత్రి 10.45

మాస్టారూ, మీ చెయ్యి ఆడకపోవడమే మంచిదైంది. ఆ అంకెలు ఏ ట్రాన్సిస్టర్‌కూ సాధ్యం కావు, దానిని కాగితం మీదనే తేల్చవచ్చు.

నాయిస్ ఫ్యాక్టర్ (డీబీలో కాక మామూలు సంఖ్యగా రాసిన నాయిస్ ఫిగర్) సోర్స్ అడ్మిటెన్స్‌తో, అంటే ఇంపెడెన్స్ విలోమంతో, ఇలా మారుతుంది:

ఎఫ్ = ఎఫ్-మిన్ + (ఆర్ఎన్ ÷ జీ-ఎస్) × |వై-ఎస్ − వై-ఆప్ట్|²

ఇందులో వై-ఎస్ సోర్స్ అడ్మిటెన్స్, జీ-ఎస్ దాని వాస్తవ భాగం; వై-ఆప్ట్ గామా-ఆప్ట్‌కు సరిపోయే అడ్మిటెన్స్, జీ-ఆప్ట్, బీ-ఆప్ట్ దాని రెండు భాగాలు. ఎఫ్-మిన్, ఆర్ఎన్, జీ-ఆప్ట్, బీ-ఆప్ట్ అనే నాలుగూ తెలియనివి. ఈ నాలుగూ దేనికది విడివిడిగా ఏ విలువనైనా తీసుకోలేవు. ట్రాన్సిస్టర్‌లోని రెండు నాయిస్ మూలాల మధ్య ఉండగల సంబంధానికి ఒక హద్దు ఉంది కాబట్టి, 4 × ఆర్ఎన్ × జీ-ఆప్ట్ ఎప్పుడూ (ఎఫ్-మిన్ − 1) కంటే తక్కువ కాకూడదు. మీ గామా-ఆప్ట్‌ను అడ్మిటెన్స్‌గా మారిస్తే జీ-ఆప్ట్ సుమారు 4 మిల్లీసీమెన్స్ అవుతుంది, దానిని 1.1తోనూ నాలుగుతోనూ గుణిస్తే 0.018. మీ 0.12 డీబీని సంఖ్యగా మారిస్తే ఎఫ్-మిన్ 1.028, అంటే ఒకటి తీసివేయగా 0.028. పెద్దది కావలసినది చిన్నదైంది. ఎవరు నాయిస్ పారామీటర్లు కొలిచినా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇచ్చినా, నేను మొదట చేసే పరీక్ష ఇదే. మామూలు ఫెట్‌లకు ఈ రెండింటి నిష్పత్తి ఒకటికీ రెండుకూ మధ్య ఉంటుంది.

రెండో సంగతి. తెలియనివి నాలుగైతే నాలుగు కొలతలు చాలునని గణితం అంటుంది, కొలిచేవారు ఆ మాట వినకూడదు. నాలుగింటికి నాలుగే పెడితే సమీకరణాలు ఎప్పుడూ ఖచ్చితంగా సరిపోతాయి. మిగులు ఉండదు కాబట్టి తప్పు ఉన్నట్టు చెప్పే గుర్తు కూడా ఉండదు. 1969లో లేన్ చూపిన పద్ధతిలో పై సమీకరణాన్ని విప్పి రాస్తే అది నాలుగు గుణకాల సరళ సమీకరణంగా మారుతుంది:

ఎఫ్ = క + ఖ × (జీ + బీ²/జీ) + గ × (1/జీ) + ఘ × (బీ/జీ)

ఇక్కడ జీ, బీ మీరు పెట్టిన సోర్స్ అడ్మిటెన్స్ భాగాలు. పది, పన్నెండు బిందువుల దగ్గర కొలిచి లీస్ట్ స్క్వేర్స్ (అన్ని కొలతలకూ మొత్తం మీద బాగా ఒదిగే విలువలు వెతికే పద్ధతి) చేస్తే ఖ నేరుగా ఆర్ఎన్ అవుతుంది, బీ-ఆప్ట్ = −ఘ/2ఖ, ఎఫ్-మిన్ = క + √(4ఖగ − ఘ²). ఆ వర్గమూలం లోపల రుణ సంఖ్య వచ్చిందంటే కొలతలు చెడ్డాయని అర్థం.

మీ నాలుగు బిందువులు స్మిత్ చార్ట్ (ఇంపెడెన్స్‌లను బిందువులుగా చూపే గుండ్రని పటం) మీద ఎక్కడెక్కడ పడ్డాయో చెప్పండి. అన్నీ ఒకే మూల చేరి ఉంటాయని నా అనుమానం.

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 10, ఉదయం 6.15

మీ అనుమానం నిజమేనమ్మా. ఒకటి చార్ట్ మధ్యలో ఉంది, మిగతా మూడూ పైభాగంలో ఒకదానికొకటి అరచేయంత దూరంలో ఉన్నాయి. నా ట్యూనర్ స్టబ్‌లు అంతకంటే జరగలేదు.

పలకల_ఊరు (మార్కాపురం), మే 10, ఉదయం 8.05

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. అడగవచ్చో లేదో తెలియదు, తప్పైతే మన్నించండి. ఇంత లెక్క ఎందుకు? ట్యూనర్ తిప్పుతూ నాయిస్ ఫిగర్ ఎక్కడ తక్కువగా ఉందో అక్కడ ఆపి, ఆ ఇంపెడెన్స్‌ను వీఎన్ఏతో చూసుకుంటే గామా-ఆప్ట్ దొరికినట్టే కదా?

విశ్రాంత_రిసీవర్ (నెల్లూరు, వేదాయపాళెం), మే 10, మధ్యాహ్నం 12.30

తప్పేమీ లేదు నాయనా, మా తరం పని మొదలుపెట్టింది అచ్చంగా ఆ పద్ధతితోనే. అందులో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, నాయిస్ ఫ్యాక్టర్ కనిష్ఠ బిందువు నుంచి దూరం యొక్క వర్గంగా పెరుగుతుంది కాబట్టి అడుగు దగ్గర అది కంచంలా చదునుగా ఉంటుంది. కంచం అడుగు ఎంత ఎత్తులో ఉందో చెప్పడం సులువు, దాని నడిమధ్య ఏదో చెప్పడం కష్టం. అందుకే వెతికి పట్టుకునే పద్ధతిలో ఎఫ్-మిన్ బాగానే వస్తుంది, గామా-ఆప్ట్ మాత్రం ఒక్కో రోజు ఒక్కో చోట కనిపిస్తుంది. పైగా ఆ వెతుకులాట ఆర్ఎన్ ఎంతో చెప్పదు; కంచం అంచులు ఎంత వేగంగా లేస్తాయో తెలియాలంటే అంచుల దగ్గర కూడా కొలవాలి. 1956లో రోథే, డాల్కే నాయిస్ ఉన్న ఏ రెండు పోర్టుల సర్క్యూట్‌నైనా నాలుగు సంఖ్యలతో పూర్తిగా వర్ణించవచ్చని చూపించారు. నాలుగూ కలిస్తేనే వర్ణన పూర్తవుతుంది.

ఇక ఒంగోలు మాస్టారికి ఒక ప్రశ్న. మీరు కొలిచినప్పుడు గదిలో ఎంత వేడి ఉంది?

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 10, మధ్యాహ్నం 1.10

కొలత బల్ల మేడమీది గదిలో ఉంది సార్. ఫ్యాన్ తప్ప మరొకటి లేదు. గోడ థర్మామీటర్ 37 డిగ్రీలు చూపించింది.

విశ్రాంత_రిసీవర్ (నెల్లూరు, వేదాయపాళెం), మే 10, మధ్యాహ్నం 3.00

అయితే మీ 0.83 డీబీలో చెప్పుకోదగ్గ భాగం ట్రాన్సిస్టర్‌ది కాదు, ఒంగోలు మే నెలది.

వై-ఫ్యాక్టర్ (నాయిస్ సోర్స్ వేసినప్పుడు, ఆపినప్పుడు వచ్చే అవుట్‌పుట్ పవర్‌ల నిష్పత్తి, వై) లెక్కలో అందరూ వాడే చిన్న సూత్రం, ఎఫ్ = ఈఎన్ఆర్ ÷ (వై − 1), నాయిస్ సోర్స్ ఆపి ఉన్నప్పుడు సరిగ్గా 290 కెల్విన్లలో, అంటే 17 డిగ్రీల సెల్సియస్‌లో ఉందని అనుకుని రాసినది. మన జిల్లాల్లో సంక్రాంతి తెల్లవారుజామున తప్ప ఏ గదీ 17 డిగ్రీలకు దిగదు. మీ గది 310 కెల్విన్లు. లెక్క చూడండి: ఈఎన్ఆర్ 6 డీబీ అంటే 3.981, వేడి స్థితి 1444 కెల్విన్లు. ట్రాన్సిస్టర్ అసలు నాయిస్ ఉష్ణోగ్రత (అది కలిపే నాయిస్‌ను కెల్విన్లలో చెప్పే కొలత) 35 కెల్విన్లు అనుకుంటే, వై విలువ 1479ని 345తో భాగించగా 4.287 వస్తుంది. దానిని చిన్న సూత్రంలో వేస్తే 0.83 డీబీ. పూర్తి సూత్రంలో ఈఎన్ఆర్ నుంచి వై × (310/290 − 1) తీసివేసి, ఆ తరువాత (వై − 1)తో భాగిస్తే 1.12, అంటే 0.50 డీబీ. ఇరవై డిగ్రీల తేడా మూడో వంతు డీబీని కల్పించింది.

ట్యూనర్ లాస్‌కు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. లాస్ ఉన్న ముక్క తన సొంత ఉష్ణోగ్రతలో నాయిస్ పుట్టిస్తుంది. 0.1 డీబీ లాస్ 310 కెల్విన్లలో 7 కెల్విన్లకు పైగా కలుపుతుంది. ట్యూనర్‌ను ప్రతి స్థానంలో విడిగా వీఎన్ఏతో కొలిచి, ఆ స్థానపు అవైలబుల్ లాస్ వాడారా, లేక ఒక్కసారి కొలిచిన లాస్‌నే అన్నిటికీ వాడారా?

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 10, సాయంత్రం 5.40

ఒక్కసారి కొలిచినదే అన్నిటికీ వాడాను. ఇప్పుడు అర్థమవుతోంది.

కొత్తపట్నం_తీరం (కొత్తపట్నం), మే 10, రాత్రి 8.30

నేను హ్యామ్ ఆపరేటర్‌ను, కొలతల సిద్ధాంతం మీ అందరంత తెలియదు. సముద్రం పక్కన పదేళ్లు పరికరాలతో కుస్తీపట్టిన అనుభవంతో మూడు మాటలు చెబుతాను.

మొదటిది కరెంటు. మా చుట్టూ రొయ్యల చెరువులు. చీకటి పడగానే ఏరేటర్లన్నీ తిరగడం మొదలైతే మా ఇంట్లో వోల్టేజీ ఎంత పడిపోతుందంటే, మామూలు అడాప్టర్ మీద నడిచే రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. డ్రెయిన్ కరెంటు మారితే అది నాయిస్ పరంగా వేరే ట్రాన్సిస్టర్ అయినట్టే. అందుకని కొలతలకు బ్యాటరీ వాడుతాను, డ్రెయిన్ కరెంటును ప్రతి బిందువు దగ్గరా రాసుకుంటాను. రెండోది ఉప్పు గాలి. కనెక్టర్ మధ్య పిన్ను మీద సన్నని నల్లటి పొర కంటికి కనిపించేలోగానే లాస్ మారిపోతుంది. స్పిరిట్‌తో తుడిచి, బిగించే ప్రతిసారీ ఒకే బిగువు ఇవ్వాలి. మూడోది సెల్ టవర్. ఎంత దూరాన ఉన్నా దాని 900, 1800 మెగాహెర్ట్జ్‌ల సంకేతం తెరిచి ఉన్న బోర్డులోకి దూరి రిసీవర్‌ను నొక్కేస్తుంది, మనం అదంతా ట్రాన్సిస్టర్ నాయిస్ అనుకుంటాం. నేను బోర్డును బియ్యం పోసుకునే రేకు డబ్బాలో పెట్టి, మూత అంచు చుట్టూ రాగి టేపు అంటించి కొలుస్తాను. డబ్బాలో పెట్టక ముందు, పెట్టిన తరువాత కొలిచిన అంకెలు పక్కపక్కన రాసి చూడండి మాస్టారూ.

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 17, రాత్రి 9.00

వారం రోజులు అందరి మాటా విని మళ్లీ మొదటి నుంచీ చేశాను. స్టబ్‌లు పూర్తిగా జరిగేలా కొత్త ట్యూనర్ చేశాను. గాలి చల్లగా ఉండే తెల్లవారుజామున, బ్యాటరీ మీద, డబ్బాలో పెట్టి పన్నెండు బిందువులు కొలిచాను. 50 ఓమ్‌ల బిందువును మొదట, మధ్యలో, చివర మూడుసార్లు కొలిస్తే మూడూ 0.02 డీబీ లోపల కలిశాయి కాబట్టి రిసీవర్ గెయిన్ జారిపోలేదని నమ్ముతున్నాను.

పదకొండు బిందువులు బాగా ఒదిగాయి. చార్ట్ కింది భాగంలోని ఒక్క బిందువు మాత్రం అన్నిటికీ దూరంగా 1.9 డీబీ చూపిస్తోంది. దానిని తీసేయవచ్చా?

పెన్నా_రేవు (నెల్లూరు), మే 17, రాత్రి 10.20

కారణం తెలియకుండా తీసేయకండి. ఆ బిందువు దగ్గర ట్యూనర్ అలాగే ఉంచి, స్పెక్ట్రమ్‌ను కొన్ని మెగాహెర్ట్జ్‌ల నుంచి పైదాకా చూడండి. పీహెమ్ట్‌లకు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ విపరీతంగా ఉంటుంది. కొన్ని సోర్స్ ఇంపెడెన్స్‌ల దగ్గర అది ఆసిలేట్ చేస్తుంది, అంటే దానంతటదే సంకేతం పుట్టిస్తుంది, మనం చూస్తున్న 1420 దగ్గర మాత్రం నాయిస్ పెరిగినట్టే కనిపిస్తుంది.

ఇంకొకటి, రెండో స్టేజ్ నాయిస్‌ను ఫ్రిస్ సూత్రంతో (వరుస స్టేజ్‌ల నాయిస్‌ను కలిపే సూత్రం) తీసేటప్పుడు గెయిన్ ఒకే సంఖ్యగా వేశారా? ఆ సూత్రం 1944లో వచ్చినప్పటి నుంచీ అందులో ఉన్నది అవైలబుల్ గెయిన్ (ట్రాన్సిస్టర్ ఇవ్వగల గరిష్ఠ పవర్‌కూ సోర్స్ ఇవ్వగల గరిష్ఠ పవర్‌కూ నిష్పత్తి). అది సోర్స్ ఇంపెడెన్స్‌తో మారుతుంది. ప్రతి బిందువుకూ ఎస్-పారామీటర్ల (వీఎన్ఏ కొలిచే గెయిన్, పరావర్తన సంఖ్యలు) నుంచి దానిని విడిగా లెక్కించాలి. ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా ట్యూనర్‌తో పాటు మారుతుంది, దానితో మీ రిసీవర్ సొంత నాయిస్ ఫిగర్ కూడా మారుతుంది. మధ్యలో ఒక ఐసోలేటర్ (సంకేతాన్ని ఒకే దిశలో పోనిచ్చే భాగం) పెడితే ఈ రెండో బాధ చాలావరకు తీరుతుంది.

నన్నడిగితే కోల్డ్-సోర్స్ పద్ధతికి మారడం మేలు. 1973లో అడామియన్, ఉలిర్ చెప్పిన ఆ దారిలో నాయిస్ సోర్స్‌ను రిసీవర్ కేలిబ్రేషన్‌కు ఒక్కసారి వాడితే చాలు. తరువాత ప్రతి బిందువు దగ్గరా గది ఉష్ణోగ్రతలో ఉన్న పాసివ్ ఇంపెడెన్స్ పెట్టి అవుట్‌పుట్ పవర్ మాత్రమే కొలుస్తాం. ట్యూనర్ అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే దాని లాస్‌ను విడిగా తీయవలసిన అవసరమే ఉండదు.

విశ్రాంత_రిసీవర్ (నెల్లూరు, వేదాయపాళెం), మే 18, ఉదయం 7.10

అమ్మాయి చెప్పినది ప్రయోగశాలకు సరైనదే, నేను కాదనను. కానీ కోల్డ్-సోర్స్‌లో ప్రతిదీ ట్రాన్సిస్టర్ గెయిన్, రిసీవర్ గెయిన్ సంపూర్ణ విలువల మీద నిలుస్తుంది. రిసీవర్ గెయిన్ కొద్దిగా జారినా ఆ తప్పంతా నేరుగా నాయిస్‌లోకి వెళుతుంది. వై-ఫ్యాక్టర్‌లో వేడి, చల్లని కొలతలు వెంటవెంటనే తీసి నిష్పత్తి వేస్తాం కాబట్టి అది చాలావరకు కొట్టుకుపోతుంది. ఇంట్లో చేసేవారికి 50 ఓమ్‌ల దగ్గర వై-ఫ్యాక్టర్ ఒక లంగరుగా ఉండాలని నా అభిప్రాయం. ఆ లంగరు గట్టిగా ఉందో లేదో తేల్చడానికి, నాయిస్ సోర్స్ ఈఎన్ఆర్ చార్ట్ మీద ఆధారపడని మరో కొలత ఉంటే మంచిది. ఈఎన్ఆర్‌లో 0.15 డీబీ తప్పు ఉంటే నాయిస్ ఫిగర్‌లో సుమారు అంతే తప్పు వస్తుంది.

మీ ఒంగోలు ఎద్దులకు ప్రసిద్ధి కదా మాస్టారూ. పశువుల కృత్రిమ గర్భధారణకు వీర్యం నిల్వచేసే డబ్బాల్లో పోసే ద్రవ నత్రజని 77 కెల్విన్లలో మరుగుతుంది. ఒక 50 ఓమ్ లోడ్‌ను అందులో ముంచితే ప్రకృతి ఇచ్చిన చల్లని ప్రమాణం దొరికినట్టే. గది ఉష్ణోగ్రతలో మరో లోడ్ పెట్టండి. ట్రాన్సిస్టర్ 35 కెల్విన్లదైతే వై విలువ 345ను 112తో భాగించగా 3.08 రావాలి. తలుపులు, కిటికీలు తీసి ఉంచండి, పాత్రకు బిగుతుగా మూత పెట్టవద్దు, చేతికి మందపాటి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. చల్లబడ్డాక లోడ్ ఇంకా 50 ఓమ్‌లే ఉందో లేదో వీఎన్ఏతో చూడడం మరవద్దు.

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), మే 26, రాత్రి 8.15

ఆ ఒక్క బిందువు దగ్గర 210 మెగాహెర్ట్జ్‌లో ఆసిలేషన్ దొరికింది. డ్రెయిన్ వైపు ఒక చిన్న రెసిస్టర్ చేర్చగానే పోయింది. ఆ తరువాత ఎస్-పారామీటర్లు, పన్నెండు బిందువులూ మళ్లీ కొలిచి, అవైలబుల్ గెయిన్‌ను బిందువుకొకటిగా వేశాను.

ద్రవ నత్రజనిని పశువైద్యంలో ఉన్న మా బంధువు ద్వారా డబ్బు కట్టి తెప్పించాను. లోడ్‌ను దించినప్పుడు అది సలసల మరిగి, రెండు నిమిషాల తరువాత నిశ్శబ్దమైంది. అప్పుడు మాత్రమే కొలత స్థిరపడింది. కేబుల్ లాస్ తీసివేయగా 34 కెల్విన్లు, అంటే 0.48 డీబీ. నాయిస్ సోర్స్‌తో, ఉష్ణోగ్రత సవరణతో వచ్చినది 0.50 డీబీ. రెండూ ఇంత దగ్గరగా కలవడం చూసి చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను.

లీస్ట్ స్క్వేర్స్ జవాబు: ఎఫ్-మిన్ 0.34 డీబీ, ఆర్ఎన్ 4.0 ఓమ్‌లు, గామా-ఆప్ట్ 0.46, కోణం 44 డిగ్రీలు.

పెన్నా_రేవు (నెల్లూరు), మే 26, రాత్రి 9.05

జీ-ఆప్ట్ 8.4 మిల్లీసీమెన్స్. నాలుగు రెట్లు ఆర్ఎన్ × జీ-ఆప్ట్ 0.135, ఎఫ్-మిన్ − 1 అంటే 0.081. నిష్పత్తి 1.65. ఈ పారామీటర్లతో 50 ఓమ్‌ల దగ్గర లెక్కించినా 0.48 డీబీయే వస్తోంది. ఇక నిశ్చింతగా సర్క్యూట్ గీయవచ్చు మాస్టారూ.

పలకల_ఊరు (మార్కాపురం), మే 27, ఉదయం 7.50

అంటే ఇప్పుడు మ్యాచింగ్ నెట్‌వర్క్‌తో సరిగ్గా గామా-ఆప్ట్‌కు తీసుకెళితే సరిపోతుందా?

పెన్నా_రేవు (నెల్లూరు), మే 27, ఉదయం 9.30

అక్కడే ఆర్ఎన్ విలువ తెలియడం ఎంత ఉపయోగమో చూడు తమ్ముడూ. సరిగ్గా గామా-ఆప్ట్ దగ్గర ట్రాన్సిస్టర్ నాయిస్ ఉష్ణోగ్రత 23.6 కెల్విన్లు, అంటే 50 ఓమ్‌ల కంటే పది కెల్విన్లు మేలు. కానీ ఆ ఇంపెడెన్స్ 72 + జె58 ఓమ్‌లు కాబట్టి, అక్కడికి చేరాలంటే కనీసం రెండు భాగాలు కావాలి. వాటి లాస్ 0.1 డీబీ అయినా, మాస్టారి మేడ మీద అది 7 కెల్విన్లు కలిపి 31కి చేరుస్తుంది. దాని బదులు ఇన్‌పుట్‌లో 5.6 నానోహెన్రీల కాయిల్ ఒక్కటే సిరీస్‌లో పెడితే సోర్స్ 50 + జె50 ఓమ్‌లుగా కనిపిస్తుంది. అది గామా-ఆప్ట్‌కు కొంచెం ఇవతలే ఆగుతుంది, అయినా పై సమీకరణంలో వేస్తే నాయిస్ 0.36 డీబీ, 25 కెల్విన్లు మాత్రమే. కాయిల్ క్యూ (ఎక్కువ ఉన్నకొద్దీ లాస్ తక్కువని చెప్పే సంఖ్య) 100 ఉంటే దాని లాస్ 3 కెల్విన్లు, మొత్తం 28. పూర్తిగా చేరడం కంటే దగ్గరలో ఆగడమే లాభం. ఆర్ఎన్ మూడు రెట్లు ఎక్కువగా ఉండి ఉంటే ఇలా ఇవతల ఆగినందుకు చెల్లించేది కూడా మూడు రెట్లు అయ్యేది, అప్పుడు రెండు దారులూ దాదాపు సమానమై ఈ లాభం పోయేది.

విశ్రాంత_రిసీవర్ (నెల్లూరు, వేదాయపాళెం), మే 27, ఉదయం 11.00

లెక్క నేనూ వేసి చూశాను, ఒప్పుకుంటున్నాను. సోర్స్ కాలు దగ్గర భూమికి వెళ్లే ట్రాక్‌ను కొద్దిగా పొడవు ఉంచితే ఎఫ్-మిన్ పెద్దగా మారకుండానే ఇన్‌పుట్ మ్యాచ్ కూడా మెరుగవుతుంది. మరీ పొడవు చేస్తే పై ఫ్రీక్వెన్సీల్లో ఆసిలేట్ చేస్తుంది, చూసుకోండి.

కొత్తపట్నం_తీరం (కొత్తపట్నం), మే 27, రాత్రి 7.45

కాయిల్‌ను ఎనామెల్ రాగి తీగతో గాలిలోనే చుట్టండి, బోర్డుకు ఆనించకండి. చివరన వార్నిష్ పూయవద్దు, అది క్యూను తగ్గిస్తుంది.

గుండ్లకమ్మ_1420 (ఒంగోలు), జూన్ 4, ఉదయం 6.30

సన్నని డ్రిల్ బిట్ కాడ మీద రెండు చుట్లు చుట్టి, చుట్ల మధ్య ఎడాన్ని గోటితో కొంచెం కొంచెంగా పెంచుతూ వీఎన్ఏలో 50 ఓమ్‌ల రియాక్టెన్స్ వచ్చేదాకా సరిచేశాను. ఈ తెల్లవారుజామున గది 29 డిగ్రీలు ఉన్నప్పుడు, బోర్డు ఉన్న రేకు డబ్బా మూసి, మిగిలిన ద్రవ నత్రజనితో కొలిస్తే యాంప్లిఫయర్ మొత్తం 29 కెల్విన్లు చూపించింది. ఇప్పుడు దానిని హార్న్ ప్రోబ్‌కు మధ్యలో కేబుల్ లేకుండా నేరుగా బిగిస్తున్నాను.